నడుం దెబ్బతిన్నా.. కొలువు పోదు!

*గాయపడిన ఆసుపత్రి సిబ్బందికి చట్టం అండ*
*యాభై దాటినవారు తెలుసుకోవాల్సిన సంగతులు*

కనకాలపేట (యానాం): మంచం మీది రోగిని ఒంటరిగా పక్కకు తిప్పబోతారు. నడుములో కలుక్కుమంటుంది. అంతే.. పాతికేళ్లుగా వార్డులో పరుగులు తీసిన నర్సమ్మే రోగి అవుతుంది. ఏ ఆసుపత్రిలోనైనా ఇది మామూలే. యాభై దాటితే గాయం ఒక పట్టాన మానదు. 'ఇక ఇంటిపట్టున ఉండమ్మా' అని చుట్టూ ఉన్నవాళ్లు అనడమే అసలు నొప్పి. తొందరపడి రాజీనామా రాసిచ్చే ముందు ఈ సంగతులు తెలుసుకోండి.

రెండు వైపులా ఒకటే చట్టం

కనకాలపేటలో ఉంటూ యానాంలో పనిచేసినా, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని కాకినాడలో పనిచేసినా ఈ విషయంలో తేడా లేదు. జీతమిచ్చేది పుదుచ్చేరి కావచ్చు, ఆంధ్రప్రదేశ్ కావచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండింటికీ వర్తిస్తుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని అందులోని 20(4) సెక్షన్ చెబుతోంది. పాత పని చేయలేకపోతే అదే జీతంతో మరో పోస్టుకు మార్చాలి. ఖాళీ లేకుంటే తగిన పోస్టు దొరికేదాకా, లేదా పదవీ విరమణ దాకా అదనపు పోస్టులో ఉంచాలి. 1995 నాటి పాత చట్టంలోనూ ఇలాంటి రక్షణే ఉండేది. కాలు పోగొట్టుకున్న కానిస్టేబుల్ కునాల్ సింగ్ కేసులో 2003లో సుప్రీంకోర్టు ఆ రక్షణను నిలబెట్టింది.

అయితే ఇది శాశ్వత వైకల్యం మాట. బెణుకు, కండరాల నొప్పి వంటివాటికి డాక్టరు చీటీతో సెలవు, ఆపై తేలిక డ్యూటీ అడగాలి.

ప్రైవేటులోనైతే..

ఈఎస్ఐలో పేరుంటే పనిలో తగిలిన గాయానికి, డాక్టరు ధ్రువీకరించినంత కాలం వేతనంలో దాదాపు 90 శాతం అందుతుంది. అందుకే దెబ్బ తగిలిన రోజే ప్రమాదం రిజిస్టరులో రాయించుకోవాలి. 'రేపు చూద్దాంలే' అంటే రుజువు కష్టం.

తిరిగి చేరాక

* ఎంత బరువు ఎత్తవచ్చో, ఎంతసేపు నిలబడవచ్చో ఫిట్‌నెస్ పత్రంలో రాయించుకోండి.
* తేలిక డ్యూటీ నోటిమాటగా కాక, కాగితం మీద అడగండి. ఓపీ చీట్లు, రికార్డులు, టీకాల లెక్కలు, కొత్త నర్సులకు శిక్షణ.. ఇవన్నీ అనుభవమున్నవారు చేయదగ్గ పనులే.
* రోగిని ఒక్కరే ఎత్తవద్దు. కింద దుప్పటి వేసి ఇద్దరు ముగ్గురు కలిసి జరపండి.

'పైవాళ్లు ఏమనుకుంటారో'నని నొప్పి దాచుకుంటే రెండో దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. రోగికి రోజూ చెప్పే జాగ్రత్తలే ఇప్పుడు మీకూ!