గాలి తుపాకి ఎంత చప్పుడు చేస్తుంది?

దసరా మేళాలో ఒక మూల బెలూన్ల అంగడి తప్పకుండా ఉంటుంది. వెనక తెర మీద వరసలుగా కట్టిన రంగురంగుల బెలూన్లు, ముందు బల్ల మీద రెండు మూడు గాలి తుపాకులు. భిలాయి ఉక్కు నగరంలో అలాంటి బల్ల ముందు ఒక తాత, మనవడు నిలబడ్డారనుకుందాం. తాత శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, ముప్పయ్యేళ్ళు రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. మనవడికి పదేళ్ళు.

"తాతా, వీటిలో దేనికి చప్పుడు ఎక్కువ?"

"అన్నీ ఒకటేరా నాన్నా. అసలు వీటికి చప్పుడేముంది!"

"కాదు తాతా. ఇది ఖంగుమంటోంది, అది ఠప్పుమంటోంది."

ఎవరు చెప్పింది నిజం? ప్రశ్న చిన్నదే. కానీ జవాబు కోసం వెళితే తుపాకి దగ్గర మొదలైన దారి మన చెవి లోపలి దాకా తీసుకుపోతుంది.

చప్పుడు ఎక్కడ పుడుతుంది?

గాలి తుపాకిలో మందుగుండు ఉండదు. అణచిపెట్టిన గాలి ఒక్కసారిగా వ్యాకోచించి సీసపు పెల్లెట్‌ను గొట్టం లోంచి నెడుతుంది. పెల్లెట్ బయటపడిన మరుక్షణం దాని వెనకున్న గాలి కూడా బయటికి దూకుతుంది. గొట్టంలో పీడనం ఎక్కువ, బయట తక్కువ. ఈ తేడా క్షణంలో సర్దుకోవడం వల్ల పుట్టే పీడన తరంగమే మనకు "ఠప్"మని వినిపిస్తుంది. సోడా సీసా మూత తీసినప్పుడు వచ్చే శబ్దానికీ ఇదే కారణం.

కాబట్టి మూతి దగ్గరి చప్పుడు రెండింటి మీద ఆధారపడుతుంది. పెల్లెట్ బయటపడే సమయానికి గొట్టంలో ఎంత పీడనం మిగిలి ఉంది? ఎంత గాలి మిగిలి ఉంది? మిగతావన్నీ సమానంగా ఉంటే పొడవైన గొట్టం ఉన్న తుపాకి తక్కువ చప్పుడు చేస్తుంది. వ్యాకోచించడానికి గాలికి లోపలే చోటు దొరుకుతుంది కదా!

ఇది కాక మరో మూడు చప్పుళ్ళున్నాయి: తుపాకి లోపలి భాగాలు కొట్టుకునే శబ్దం, పెల్లెట్ గాలిని చీల్చుకుపోయే శబ్దం, లక్ష్యానికి తగిలిన శబ్దం. మేళాలో మనం తుపాకి చప్పుడనుకునేది చాలాసార్లు బెలూన్ చప్పుడే. బెలూన్‌ను తక్కువగా అంచనా వేయకండి. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన కొలతల్లో, పగిలేదాకా ఊదిన బెలూన్ చప్పుడు దగ్గర నుంచి 168 డెసిబెల్స్ దాకా వెళ్ళింది!

మూడు రకాల తుపాకులు

మొదటిది స్ప్రింగ్ తుపాకి. గొట్టాన్ని మడిచినప్పుడు లోపలి బలమైన స్ప్రింగ్ నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ లాగగానే పిస్టన్ ముందుకు దూకి, తన ముందున్న కొద్దిపాటి గాలిని అణచుతుంది. గాలి పరిమాణం తక్కువ కనుక మూతి దగ్గర చప్పుడూ తక్కువే. కానీ పిస్టన్ కొట్టుకోవడం, స్ప్రింగ్ అదరడం వల్ల "ఖంగు"మనే లోహపు శబ్దం వస్తుంది. కాల్చేవారి చెంప కర్రకు ఆని ఉంటుంది కనుక ఆ అదురు దవడ ఎముక గుండా నేరుగా లోపలి చెవికి చేరుతుంది. అందుకే కాల్చిన వారికి పెద్దగానూ, పది అడుగుల దూరంలో నిలబడ్డ వారికి చిన్నగానూ వినిపిస్తుంది.

రెండోది గ్యాస్ పిస్టన్ తుపాకి. స్ప్రింగ్ స్థానంలో వాయువు నింపిన మూసిన గొట్టం ఉంటుంది. స్ప్రింగ్ లేదు కనుక ఆ అదురు శబ్దం ఉండదు. మూతి చప్పుడు మాత్రం దాదాపు అంతే.

మూడోది ముందుగానే సిలిండర్‌లో గాలి నింపుకునే పి.సి.పి. తుపాకి. సిలిండర్‌లో పీడనం 200 బార్ దాకా ఉంటుంది, అంటే వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్లు. ఇందులో కదిలే భాగాలు తక్కువ, అదురు దాదాపు లేదు. కానీ వాల్వు వదిలే గాలి ఎక్కువ కావడంతో మూతి చప్పుడు పెద్దది. దీని విషయంలో కాల్చేవారి కన్నా ముందువైపున్న వారికే ఎక్కువ వినిపిస్తుంది. ఒలింపిక్స్ 10 మీటర్ల పోటీలో వాడేవి ఇప్పుడు ఈ రకానివే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన పోటీ ఇదే. పోటీ తుపాకి శక్తి తక్కువ. సుమారు 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో పోతే గతిజ శక్తి 7.7 జౌల్స్ మాత్రమే. చప్పుడూ ఆ మేరకు తక్కువ.

చాలా పి.సి.పి. తుపాకుల గొట్టం చుట్టూ మరో వెడల్పాటి తొడుగు ఉంటుంది. బయటికొచ్చే గాలి ముందు అందులో వ్యాకోచించి, నెమ్మదించి, ఆ తరువాత బయటపడుతుంది. స్కూటర్ సైలెన్సర్ చేసే పని ఇదే. ఉక్కు కర్మాగారాల్లో ఆవిరిని, గాలిని వదిలే పెద్ద గొట్టాలకు బిగించే సైలెన్సర్లు చేసేదీ ఇదే. పరిమాణంలోనే తేడా.

కొత్త స్ప్రింగ్ తుపాకి మొదటి రోజుల్లో తుపాకి మందులా పేలి, మూతి నుంచి పొగ రావడం కొందరు చూసే ఉంటారు. పిస్టన్ ముందు మిగిలిన నూనె, అణగి వేడెక్కిన గాలిలో అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్ నడిచేది ఈ సూత్రం మీదే. అప్పుడు కొలిచిన చప్పుడు ఆ తుపాకి అసలు చప్పుడు కాదు.

జనవరిలో ఒకటి, మే నెలలో ఒకటి

పెల్లెట్ వేగం ధ్వని వేగాన్ని దాటితే కొరడా ఝళిపించినట్లు "ఛట్" మనే మరో శబ్దం తోడవుతుంది. ధ్వని వేగం ఉష్ణోగ్రతతో మారుతుంది. భిలాయిలో 10 డిగ్రీల చలి ఉన్న జనవరి తెల్లవారుజామున అది సెకనుకు సుమారు 337 మీటర్లు. 45 డిగ్రీల మే మధ్యాహ్నం సుమారు 357 మీటర్లు. పెల్లెట్ వేగం 345 మీటర్లనుకోండి. చలికాలంలో అది ధ్వనిని దాటిపోతుంది, ఎండాకాలంలో వెనకబడుతుంది. తుపాకి అదే, పెల్లెట్ అదే, కానీ చప్పుడు వేరు!

అంత వేగం సాధ్యమా? మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌల్స్ శక్తి, 4.5 మి.మీ. వ్యాసం దాటిన గాలి తుపాకులకు లైసెన్సు కావాలి. 20 జౌల్స్ శక్తితో 0.52 గ్రాముల మామూలు సీసపు పెల్లెట్ పోయేది సుమారు 277 మీటర్ల వేగంతోనే. అదే శక్తి 0.34 గ్రాముల తేలికపాటి పెల్లెట్‌కు అందితే వేగం 343 మీటర్లు. కనుక పెల్లెట్ బరువు చెప్పకుండా రెండు తుపాకుల చప్పుడు పోల్చడం అర్థం లేని పని.

డెసిబెల్ లెక్క

డెసిబెల్స్‌ను రూపాయల్లా కూడకూడదు. 100 డెసిబెల్స్ తుపాకులు రెండు ఒకేసారి కాలిస్తే వచ్చేది 200 కాదు, 103. తీవ్రత పది రెట్లయితే 10 డెసిబెల్స్ పెరుగుతుంది. మన చెవికి అది సుమారు రెండింతలుగా తోస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక తుపాకిని 1 మీటరు దూరం నుంచి, మరొక దానిని 4 మీటర్ల నుంచి కొలిస్తే 12 డెసిబెల్స్ తేడా దూరానిదే, తుపాకిది కాదు. పక్కన గోడ ఉంటే ప్రతిధ్వని లెక్కను ఇంకా మార్చేస్తుంది.

మీటరూ మోసపోతుంది, చెవీ మోసపోతుంది

తుపాకి చప్పుడు కొన్ని మిల్లీసెకన్లలో ముగుస్తుంది. మామూలు ధ్వని మీటరు "ఫాస్ట్" అమరికలో 125 మిల్లీసెకన్ల కాలానికి సరాసరి తీస్తుంది. 2 మిల్లీసెకన్ల పాటు 115 డెసిబెల్స్ ఉన్న చప్పుడును అది సుమారు 97గా చూపిస్తుంది. అంటే 18 డెసిబెల్స్ ఎటో పోయాయి! జేబులోని సెల్‌ఫోన్ సంగతి చెప్పనక్కరలేదు. మాటల కోసం చేసిన దాని మైకు, ఇలాంటి చప్పుడు రాగానే తన హద్దు చేరి ఆగిపోతుంది. పెద్ద చప్పుడూ, మరీ పెద్ద చప్పుడూ దానికి ఒకటే. అందుకే ఇలాంటి వాటిని శిఖర పీడనం కొలిచే మీటరుతోనే కొలవాలి.

మన చెవి కూడా ధ్వనిని ఒకటి రెండు వందల మిల్లీసెకన్ల పాటు కూడుకుని "ఇంత పెద్దది" అని తేలుస్తుంది. కనుక పొట్టి చప్పుడు దాని అసలు పీడనం కన్నా చిన్నదిగా తోస్తుంది. మరొక చిక్కు ఉంది. పెద్ద చప్పుడు వినగానే మధ్యచెవిలోని చిన్న కండరం బిగుసుకుని లోపలి చెవిని కొంత కాపాడుతుంది. కానీ అది బిగుసుకునే లోపే తుపాకి చప్పుడు లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది.

మందుగుండు తుపాకుల శిఖర స్థాయి సాధారణంగా 140 నుంచి 170 డెసిబెల్స్. చాలా గాలి తుపాకులది అంతకన్నా తక్కువే. కానీ తక్కువ కదా అని నిశ్చింతగా ఉండలేం. ఇలాంటి చప్పుళ్ళకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాలు పెట్టిన హద్దు పెద్దలకు 140, పిల్లలకు 120. ఆ 20 డెసిబెల్స్ తేడా అంటే పీడనంలో పది రెట్లు. శక్తి ఎక్కువగా ఉండి, తొడుగు లేని గాలి తుపాకి పిల్లల హద్దును దాటగలదు.

తాత చెవికి ఏమైంది?

సోవియట్ సహకారంతో కట్టిన భిలాయి కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ తరువాతి దశాబ్దాల్లో ఎందరో తెలుగువారు అక్కడ పనికి చేరారు. ఏ ఉక్కు కర్మాగారంలోనైనా కంప్రెసర్ల దగ్గర, రోలింగ్ మిల్లుల్లో, లోహాన్ని కోసే రంపాల దగ్గర చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. మన దేశంలో కర్మాగారాల నిబంధనలు 8 గంటల పనికి పెట్టిన హద్దు కూడా ఆ 90 డెసిబెల్సే.

ఏళ్ళ తరబడి అంత చప్పుడు వింటే లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తంలోని సన్నని రోమకణాలు చచ్చిపోతాయి. అవి మళ్ళీ మొలవవు. ముందుగా దెబ్బ తినేది 4000 హెర్ట్జ్ దరిదాపుల పౌనఃపున్యాలు వినే భాగం. "స", "శ", "చ" వంటి అక్షరాల పదును ఉండేది, లోహపు "ఖంగు" ఉండేది ఆ పై స్థాయిలోనే. అందుకే ఇలాంటివారికి మాట వినిపిస్తుంది, కానీ ఏమన్నారో తెలియదు. నొప్పి ఉండదు కనుక నష్టం జరిగినట్టు వాళ్ళకే తెలియదు.

ఇప్పుడు మేళాకు తిరిగి వద్దాం. మనవడు చెప్పిందే నిజం. ఆ తుపాకుల చప్పుళ్ళు వేరు. తాత అబద్ధం చెప్పలేదు. తేడా ఉన్న ఆ పై స్వరాలు ఆయనకు వినిపించడం మానేసి చాలా ఏళ్ళయింది.

మీరే పోల్చి చూడాలంటే

పెద్దల పర్యవేక్షణలో, కాల్చడానికి అనుమతి ఉన్న చోట, వెనక గట్టి అడ్డు పెట్టుకుని చేయండి. చుట్టుపక్కల గోడలు లేని మైదానం మేలు. మీటరును శిఖర అమరికలో ఉంచి, ఒకే దూరంలో రెండు చోట్ల కొలవండి: మూతికి పక్కగా ఒకటి, కాల్చేవారి చెవి దగ్గర ఒకటి. అన్నిటికీ ఒకే బరువు పెల్లెట్ వాడండి. ఒక్కో తుపాకిని పదిసార్లు కాల్చి, సరాసరితో పాటు గరిష్ఠాన్నీ రాసుకోండి. ఆ రోజు ఉష్ణోగ్రత రాయడం మరవకండి. కళ్ళకు అద్దాలు, చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి.

"చప్పుడేముంది దీనికి" అని ఎవరైనా అన్నా ప్లగ్గులు తీయకండి. అన్నవారి చెవి ఎన్నేళ్ళు ఏ మిల్లులో పనిచేసిందో మనకు తెలియదు కదా!