పంట ముగిసిన తరువాత మల్చింగ్ షీటు

మిరప, టమాట, పుచ్చ సాగులో ప్లాస్టిక్ మల్చింగ్ ప్రయోజనాలను వివరించే విస్తరణ సాహిత్యానికి కొదవ లేదు. కలుపు తగ్గుతుంది, నేలలో తేమ నిలుస్తుంది, వెండి రంగు వైపు పైకి ఉంచితే పరావర్తనం చెందే కాంతి వల్ల తామర పురుగులు, తెల్లదోమ ఉధృతి కొంత తగ్గుతుంది. షీటు మందం, పరిచే విధానం, రంధ్రాల మధ్య దూరం కరపత్రాలలో వివరంగా ఉంటాయి. ఆఖరి కోత తరువాత ఆ షీటును ఏమి చేయాలన్న విషయానికి మాత్రం ఒక వాక్యం దొరకడమే అరుదు. సముద్రంలోని ప్లాస్టిక్ అనగానే సంచులు, సీసాలు గుర్తుకు వస్తాయి. పొలం గుర్తుకు రాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా పంటల సాగు, పశుపోషణలలో వాడిన ప్లాస్టిక్ ఉత్పత్తులు 1.25 కోట్ల టన్నులు.

ఒక ఎకరంలో ఎంత ప్లాస్టిక్ చేరుతుందో లెక్క కట్టడం కష్టం కాదు. మడికీ మడికీ మధ్య 1.5 మీటర్ల దూరం పాటిస్తే ఎకరాకు సుమారు 2,700 మీటర్ల వరుస వస్తుంది. 1.2 మీటర్ల వెడల్పు, 25 మైక్రాన్ల మందం గల షీటుకు, పాలిథీన్ సాంద్రతను 0.92గా తీసుకుంటే, బరువు దాదాపు 75 కిలోలు. అందులో పదో వంతు పొలంలోనే మిగిలినా పంటకు ఏడున్నర కిలోలు. ఏటా అదే చేనిలో షీటు పరిచే రైతుకు ఇది పెరుగుతూ పోయే ఖాతా.

షీటు అంతటా ఒకే విధంగా పాడవదు. నల్లదనాన్ని ఇచ్చే కార్బన్ బ్లాక్ అతినీలలోహిత కిరణాల నుంచి కొంత రక్షణ ఇస్తుంది. అయినా ఎండ తగిలే భాగం క్రమంగా పెళుసుబారుతుంది. మట్టిలో కప్పిన అంచులకు వెలుతురు అందదు కనుక అవి చాలాకాలం చెక్కుచెదరవు. షీటును లాగినప్పుడు పెళుసైన నడిమి భాగం చినిగి చేతికి వస్తుంది, అంచులు నేలలోనే ఉండిపోతాయి. ఆపై రోటవేటర్ తిరిగితే వాటిని ఏరడం అసాధ్యం. ముక్కలు పేరుకున్న నేలలో నీటి కదలికకు, వేళ్ల పెరుగుదలకు ఆటంకం కలుగుతుంది. కోత తరువాత చేనిలోకి వదిలిన పశువులు మేతతోపాటు వాటిని మింగే ప్రమాదం కూడా ఉన్నది.

అక్కడి నుంచి సముద్రానికి దారి సులభమైనదే. గట్టు మీద కుప్పగా వేసిన షీటు గాలికి ఎగిరి కాలువలో పడుతుంది. భారీ వర్షానికి పొలంలోని ముక్కలు మురుగు కాలువకు, ఏటికి, చివరకు కడలికి చేరతాయి. పాలిథీన్ నీటికంటే తేలిక కనుక తేలుతూ చాలా దూరం పోగలదు. నాచు, ఇతర జీవులు పట్టి బరువెక్కిన ముక్కలు అడుగుకు దిగుతాయి. పలుచని పొరను జెల్లీ చేపగా భ్రమించి సముద్రపు తాబేళ్లు మింగుతాయి. కాలక్రమంలో అది సూక్ష్మ ప్లాస్టిక్‌గా విడిపోతుంది. ఈ రేణువులపై బ్రిటన్ శాస్త్రవేత్త రిచర్డ్ థామ్సన్ బృందం 2004లో ప్రచురించిన పరిశోధనతో ఆ పేరు విస్తృత ప్రచారంలోకి వచ్చింది. ఆ దశకు చేరిన దానిని తిరిగి పట్టుకునే ఉపాయం లేదు. పట్టుకోగలిగిన చోటు పొలమే.

చైనా అనుభవం ఇందుకు తగిన ఉదాహరణ. 1970 దశకం చివర ప్రవేశపెట్టిన ఈ పద్ధతి అక్కడ దిగుబడులను గణనీయంగా పెంచింది. ఖర్చు తగ్గించుకోవడానికి 8 మైక్రాన్ల పొరలు, అంతకన్నా పలుచనివి కూడా వాడారు. అంత పలుచని పొరను చినగకుండా ఎత్తడం సాధ్యం కాలేదు. షిన్‌జియాంగ్ పత్తి చేలలో ముక్కలు పేరుకుపోయి ‘తెల్ల కాలుష్యం’ అన్న పేరు స్థిరపడింది. 2018లో అమలులోకి వచ్చిన ప్రమాణం కనీస మందాన్ని 10 మైక్రాన్లకు పెంచింది. ధర చూసి పలుచని షీటు కొనబోయే రైతుకు చెప్పదగిన విషయం ఇదే: మందం షీటు మన్నికకే కాదు, దానిని తిరిగి ఎత్తగలగడానికీ కొలమానం.

ఎత్తే పనికి అదను ముఖ్యం. తడి నేలలో మట్టి అంటుకుంటుంది. బాగా ఎండిన నల్లరేగడిలో అంచు బిగుసుకొని తెగుతుంది. పదును ఆరుతున్న దశలో, మొక్కలను మొదలు వద్ద కోసి, డ్రిప్ లేటరల్ పైపులు తీసి, అంచుల మీది మట్టిని వదులు చేసి చుట్టాలి. మట్టి దులపని షీటును పాత ప్లాస్టిక్ కొనేవారు సాధారణంగా తీసుకోరు. షీటు దృఢంగా ఉంటే ఎత్తకుండా అవే రంధ్రాలలో రెండో పంట వేయడం మేలు. తగులబెట్టడం, దున్ని కలిపేయడం పరిష్కారాలు కావు.

పునర్వినియోగం అన్న మాటను విచక్షణతో వాడవలసి ఉన్నది. నారు ట్రేలను కడిగి, శుద్ధి చేసి పలుమార్లు వాడవచ్చు. ఎరువుల సంచులలో మట్టి నింపి గట్లకు అడ్డు వేయవచ్చు. పురుగుమందు డబ్బాకు మాత్రం రెండో జన్మ ఉండకూడదు. ఎంత కడిగినా అందులో తాగునీరు, విత్తనం, నూనె నిల్వ చేయరాదు. మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు రంధ్రం చేయాలి. వాడిన డబ్బాలను తిరిగి వాడుకునే వీలుగా బయట వదలరాదని 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలు కూడా చెబుతున్నాయి.

ప్లాస్టిక్ లేని మల్చింగ్ కొత్తది కాదు. చెరకు తోటలో హెక్టారుకు 3 టన్నుల చెత్త పరచడం పాత సిఫారసే. వరిగడ్డి, వేరుశనగ పొట్టు, కొబ్బరి పీచు అందుబాటును బట్టి వాడదగినవి. తామర పురుగును తగ్గించడంలో అవి వెండి షీటుకు సాటి రావన్నది కూడా రైతుకు చెప్పాలి. నేలలో కలిసిపోయే షీట్లకు యూరప్‌లో 2018 నుంచి ప్రత్యేక ప్రమాణం ఉన్నది. కేవలం ముక్కలై కంటికి కనిపించకుండా పోయే ఆక్సో రకాలు వీటి కోవలోకి రావు. లేబుల్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి విస్తరణ శాస్త్రవేత్త ఈ తేడాను ముందుగా గుర్తించాలి.

ప్రదర్శన క్షేత్రాల ఆదాయ వ్యయ పట్టికలో షీటు ధర, పరిచే కూలీ ఉంటాయి. ఎత్తే కూలీకి కూడా అందులో ఒక వరుస చేర్చి, ఎంత బరువు పరిచారో, ఎంత బరువు తిరిగి ఎత్తారో నమోదు చేస్తే, ఏ మందం షీటు ఏ నేలలో ఎంత తిరిగి వస్తుందో రెండు మూడు పంటకాలాలలోనే తేలుతుంది.