ఒకే బొమ్మ - కోట్ల తెరలు

గత విద్యాసంవత్సరములో మా ప్రయోగశాలలో నాకొక చిన్న పరాభవము జరిగినది. కాంతి వ్యతికరణమును గూర్చిన చక్కని వీడియో పాఠ మొకటి ఇంటర్నెట్టులో నున్నది. విద్యార్థులు నలుబది మంది, కంప్యూటర్లు నలుబది. "ఎవరికి వారు తెరచి చూడండి" అని చెప్పితిని. రెండు నిమిషములు గడచునప్పటికి కొందరి తెరలపై బొమ్మ మసకబారి, వెలుగు పట్టీలును చీకటి పట్టీలును ఒకదానిలో నొకటి కలిసిపోయినవి. మరికొందరికి తెర నడుమ చక్రము తిరుగుటయే గాని పాఠము కదలలేదు. వెనుక బల్ల మీది విద్యార్థి లేచి, "సార్, క్రికెట్టు ఆటను కోట్ల మంది ఒకేసారి ఫోనులలో చూస్తారు గదా! మన నలుబది మందికే రాలేదేమి?" అని అడిగినాడు.

ప్రశ్న సమంజసమైనది. 2019 జూలై 10వ తేదీన మాంచెస్టరులో భారత, న్యూజిలాండు జట్లు ప్రపంచకప్పు సెమీఫైనలు ఆడుచుండగా, హాట్‌స్టార్ అను సంస్థ ద్వారా 2 కోట్ల 53 లక్షల మంది ఒకే సమయమున ఆ ఆటను చూచిరి. 2023 నవంబరు 19న అహమ్మదాబాదులో జరిగిన తుదిపోటీ నాటికి ఆ సంఖ్య 5 కోట్ల 90 లక్షలకు పెరిగినది. కోట్ల మందికి అందిన సదుపాయము నలుబది మందికి అందకపోవుట యెట్లు?

మొదట రేడియోను తలచుకొందము. ప్రసార కేంద్రము తరంగములను ఒక్కమారు గాలిలోనికి వదలును. ఊరిలో ఒక్క రేడియో ఉన్నను, వేయి ఉన్నను ఆ కేంద్రమునకు అదనపు శ్రమ లేదు. ఇంటర్నెట్టు అట్టిది కాదు; అది తపాలా వంటిది. వేయి మందికి ఒకే వార్త చెప్పవలెనన్న వేయి ఉత్తరములు వ్రాయవలెను. ఒక్క ప్రతినే పంపి, దారిలోని కూడళ్ల వద్ద దానిని అనేక ప్రతులుగా చేయు ఉపాయము 1980 దశకము నుండియు తెలిసినదే. కాని అందుకు దారి పొడవునను గల యంత్రముల యజమానులందరును సమ్మతింపవలెను గదా! కొన్ని సంస్థలు తమ సొంత తీగలలో దానిని వాడుకొనుచున్నవి గాని, అందరికిని ఉమ్మడియైన ఇంటర్నెట్టులో అది సాగలేదు.

కనుక ఒక్కొక్క చూపరికి ఒక్కొక్క ప్రతి పంపక తప్పదు. ఇక లెక్క వేయుదము. ఒక్కొక్కరికి సెకనుకు 20 లక్షల బిట్ల చొప్పున పంపినను, 2 కోట్ల 53 లక్షల మందికి సెకనుకు 50 లక్షల కోట్ల బిట్లకు పైగా కావలెను. ఒక సర్వరు సెకనుకు 1,000 కోట్ల బిట్లు పంపగలదనుకొన్న, అది 5,000 మందికి సరిపోవును. అందరికిని సుమారు 5,000 సర్వర్లు కావలెను. వాటినన్నిటిని ఒకే నగరములో పెట్టిన, ఆ నగరము నుండి బయలుదేరు తీగలు ఆ ప్రవాహమును మోయలేవు.

20 లక్షల బిట్లన్నచో చాల ఎక్కువ యని తోచవచ్చును. నిజమునకు అది మిక్కిలి పిసినారి లెక్క. అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు గల ఒక బొమ్మలో 20 లక్షలకు పైగా చుక్కలుండును. ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు 24 బిట్లు. అట్టి బొమ్మలు సెకనుకు 25. గుణించి చూచిన సెకనుకు 124 కోట్ల బిట్లు వచ్చును. దానిని 50 లక్షలకు, అనగా సుమారు 250వ వంతుకు కుదించినను మన కంటికి పెద్ద తేడా కనబడదు.

ఈ కుదింపులో రెండు సూక్ష్మములు గలవు. ఒక బొమ్మకును తరువాతి బొమ్మకును నడుమ మారిన భాగమును మాత్రమే పంపుట మొదటిది. బౌలరు పరుగెత్తును, వెనుకనున్న ప్రకటన పలక కదలదు. దానిని మరల మరల పంపనేల? రెండవది గణితమునకు సంబంధించినది. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలోని వెలుగునీడలను అనేక కొసైన్ తరంగముల మొత్తముగా వ్రాయుదురు. మెల్లగా మారు తరంగములలోనే బొమ్మ రూపమంతయు ఇమిడియుండును. మిక్కిలి వేగముగా మారు సన్నని అలల పాలు సామాన్యముగా స్వల్పము. వాటిని ముతకగా గుర్తించినను, బొత్తిగా విడిచినను కన్ను పట్టుకొనలేదు. త్రికోణమితి దేనికి పనికివచ్చునని అడుగు విద్యార్థులకు నేనీ ఉదాహరణమునే చెప్పుచుందును.

ఈ పద్ధతిని 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అను ముగ్గురు ప్రకటించిరి. అహ్మద్ బెంగుళూరులో జన్మించినవాడు; రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు, మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివినవారు. 1972లో అహ్మద్ ఈ పరిశోధనకు ధనసహాయము కోరగా అమెరికా జాతీయ సైన్సు సంస్థ ఇవ్వలేదు. ఆలోచన మరీ సులభముగా నున్నదని పరిశీలకులలో ఒకరు అభిప్రాయపడిరట! నేడు మనము చూచు వీడియోలలో అధికభాగము ఆ సులభమైన ఆలోచన మీదనే, లేక దానినుండి పుట్టిన వాని మీదనే, నడచుచున్నది.

కుదించిన తరువాత అసలు చిక్కు వచ్చును. ఒకరి తీగ వెడల్పు, మరొకరిది ఇరుకు. బస్సులో పోవువాని ఫోనుకు సంకేతబలము నిమిష నిమిషమునకు మారును. ఎవరికి ఎంత పంపవలెను? పూర్వము సర్వరే ఒక్కొక్క చూపరితో ప్రత్యేక సంబంధము పెట్టుకొని, వాని స్థితిని కనిపెట్టి పంపుచుండెడిది. చూపరులు పెరిగినకొలది సర్వరుకు తల తిరిగెడిది. తరువాత వచ్చిన ఉపాయము దీనిని తలక్రిందులు చేసినది. ఒకే వీడియోను స్పష్టమైనది, మధ్యమము, మసకది అని అయిదారు విధములుగా ముందే తయారుచేయుదురు. ఒక్కొక్క దానిని రెండు మొదలు పది సెకనుల ముక్కలుగా కోయుదురు. ఏ ముక్క ఎక్కడ దొరకునో తెలుపు చిన్న పట్టికను జతచేయుదురు. అంతటితో సర్వరు పని సరి. అది ముక్కలను వాకిట పెట్టుకొని కూర్చున్న కొట్టు వంటిది. ఎన్నుకొనుట ఫోను పని. కడపటి ముక్క రాక ఎంతసేపు పట్టినది, తనవద్ద ఇంకను ఎన్ని సెకనుల నిలువ ఉన్నది అని ఫోను లెక్క చూచుకొనును. నిలువ తరిగిన మసక ముక్కను, పెరిగిన స్పష్టమైన ముక్కను అడుగును. ఆపిల్ కంపెనీ 2009లో ఇట్టి పద్ధతి నొకదానిని ప్రవేశపెట్టినది. 2012లో మరియొకటి అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడినది. దీనివలన బొమ్మ మసకబారినను ఆగదు, మాట తెగదు. ఆటకు ఇది మేలే. పాఠమునకు మాత్రము సగము మేలని నా అభిప్రాయము. నల్లబల్ల మీది అక్షరములు చదువరానప్పుడు మాట ఒక్కటి వినబడి ఏమి లాభము?

ముక్కలు ఒట్టి ఫైళ్లగుటచే మరియొక సౌకర్యము కలిగినది. వాటిని ఎక్కడనైనను దాచవచ్చును. పాఠ్యపుస్తకముల సంగతి ఉపాధ్యాయులకు తెలిసినదే. జూనులో బడులు తెరచిన నాడు పిల్లలందరును ముద్రణాలయము వద్దకు పోరు. పుస్తకములు అంతకుముందే మండల కేంద్రములకు చేరియుండును. ఇంటర్నెట్టులోను ఇట్లే నగర నగరమునందును నిలువ సర్వర్లు గలవు. 1995 ప్రాంతమున వెబ్బును కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ, రాబోవు రద్దీని ఊహించి ఎం.ఐ.టి.లోని తన సహచరుల ముందు ఈ సమస్యను ఉంచెను. గణితాచార్యుడు టామ్ లైటన్, అతని శిష్యుడు డానియల్ లెవిన్ దానిని చేపట్టి, 1998లో అకమాయ్ అను సంస్థను స్థాపించిరి. లెవిన్ 2001 సెప్టెంబరు 11న హైజాకర్ల చేత చిక్కిన విమానములో ప్రాణములు కోల్పోయెను. అప్పటికతనికి 31 ఏండ్లు.

లైటన్, లెవిన్ మరికొందరితో కలిసి 1997లో ప్రకటించిన ఒక చమత్కారమును హైస్కూలు విద్యార్థులు సైతము గ్రహింపగలరు. పది సర్వర్లున్నవి. ఏ ముక్క ఏ సర్వరులో నుండవలెను? ముక్క సంఖ్యను 10 చే భాగించి, శేషమెంతయో ఆ సర్వరులో పెట్టవచ్చును. ఒక సర్వరు చెడిపోయినదనుకొనుడు. ఇక 9 చే భాగింపవలెను. అప్పుడు పదింట తొమ్మిది ముక్కల తావు మారిపోవును! కాగితము మీద చేసి చూడుడు. వారు సర్వర్లను, ముక్కలను ఒక వృత్తము మీది బిందువులుగా భావించిరి. ప్రతి ముక్కయు తనకు కుడివైపున మొదట తగులు సర్వరుకు చెందును. ఒక సర్వరు పోయిన దాని వంతు మాత్రమే పక్కదానికి చేరును, తక్కినవి కదలవు.

సినిమాలను ముందుగా నిలువ చేయవచ్చును. నెట్‌ఫ్లిక్స్ సంస్థ తన నిలువ పెట్టెలను ఇంటర్నెట్టు సరఫరాదారుల గదులలోనే ఉంచి, రద్దీ తక్కువగా నుండు వేళలలో వాటిని నింపుచుండును. ఆట సంగతి వేరు. ఇంకను వేయని బంతిని ముందుగా దాచుట ఎట్లు? ముక్క పుట్టిన మరుక్షణమే లక్షలమంది దానిని కోరుదురు. అప్పుడు నగరములోని నిలువ సర్వరు మొదటి కోరికను మాత్రమే పైకి పంపి, తక్కినవారిని నిలిపియుంచును. ముక్క రాగానే అందరికిని పంచును. పైన మరల ఇట్టిదే మరియొక అంతస్తు. కోట్ల కోరికలు అసలు కేంద్రమును చేరునప్పటికి కొద్దియే అగును.

ఇంత చేసినను ప్రమాదము వేరొక దిక్కున పొంచియుండును. ఆ సెమీఫైనలులో 49వ ఓవరున మార్టిన్ గప్టిల్ విసరిన బంతి నేరుగా వికెట్లను తాకగా ధోనీ రనౌటైనాడు. కోట్లమంది ఆశ వదలుకొని ఒక్కసారిగా వెనుకకు మరలిరి. చూచువారు తగ్గిన భారము తగ్గవలెను గదా! అట్లు కాదు. వెనుకకు మరలినవారు సంస్థ మొదటి పుటకు వచ్చిరి. ఆటలోని ముక్క అందరికిని ఒక్కటే గనుక దాచి పంచవచ్చును. మొదటి పుటలో ఎవరి పేరు వారిది, ఎవరు సగములో విడిచిన చిత్రము వారిది. దానిని ఎవరికి వారికి అప్పటికప్పుడు కూర్పవలెను. కొత్త సర్వర్లను రంగములోనికి దింపుటకు నిమిషములు పట్టును. జనము మరలుటకు సెకనులు చాలును. కనుక ఆ ఇంజనీర్లు సర్వర్లను ముందే అధికముగా సిద్ధపరచి, అవసరమైనచో సిఫారసుల వంటి అప్రధానమైన సేవలను ఆపివేయుటకు ఏర్పాటు చేసికొనిరి. నా దృష్టిలో బొమ్మను పంపుటకంటె ఇదియే కష్టమైన విద్య.

ముక్కలు కోయుటకు చెల్లింపవలసిన మూల్యమొకటి గలదు. ముక్క ఆరు సెకనులదై, ఫోను మూడు ముక్కలు నిలువ చేసికొనినచో, అప్పటికే 18 సెకనుల ఆలస్యము. పొరుగింటి టెలివిజను వద్ద "అవుటు!" అను కేక వినబడిన తరువాత మన ఫోనులో బౌలరు పరుగు మొదలిడుట అందరి అనుభవమే. ముక్కలను కురుచ చేసిన ఆలస్యము తగ్గును గాని, తీగ ఏమాత్రము తడబడినను బొమ్మ ఆగును.

ఇక మా నలుబది మంది సంగతి. వ్యతికరణ పాఠపు ముక్కలు సమీప నగరములో నిలువయుండి యుండవచ్చును. అచ్చటి నుండి మా ప్రయోగశాలకు వచ్చు తీగ సెకనుకు 2 కోట్ల బిట్లది. నలుబదికి పంచిన ఒక్కొక్కరికి 5 లక్షలు. ఒకే ముక్క అదే తీగ మీదుగా నలుబది మారులు వచ్చినది. ద్వారమువద్ద నున్న పెట్టె ఒక్కమారు తెచ్చి అందరికిని ఈయరాదా యన్న, ప్రతి ప్రతియు వేరు వేరు రహస్య లిపిలో మూయబడి వచ్చుటచే అవన్నియు ఒక్కటేయని ఆ పెట్టెకు తెలియదు.

మరుసటి వారము, దించుకొనుటకు అనుమతి గల పాఠము నొకదానిని ముందునాటి రాత్రి ఒక కంప్యూటరులో దించియుంచితిమి. ప్రయోగశాలలోని తీగలు సెకనుకు 100 కోట్ల బిట్లు మోయగలవు. నలుబది మందికి 50 లక్షల చొప్పున 20 కోట్లు మాత్రమే కావలెను. పట్టీలు స్పష్టముగా కనబడినవి. ప్రశ్న అడిగిన విద్యార్థి, "ప్రత్యక్ష ప్రసారమైతే ఏం చేస్తాం సార్?" అన్నాడు. 2023 ఆగస్టు 23 సాయంకాలము చంద్రయాన్-3 చంద్రునిపై దిగునప్పుడు మా కళాశాల సభాశాలలో ఒక్క తెర కట్టి చూపిన సంగతి చెప్పితిని. ఆనాడు శాల క్రిక్కిరిసియుండెను. తీగ మీదుగా వచ్చినది ఒక్క ప్రతియే.