ఇంజిన్ వేడెక్కింది.. మీరేం చేస్తారు?

‘సిటీ ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే చాలు, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా వెళ్లిపోతోంది. హైవే ఎక్కితే మామూలుగానే ఉంటోంది. కారణం ఏమై ఉంటుంది?’

కార్ల సర్వీస్ సెంటర్‌లో టెక్నీషియన్ లేదా సర్వీస్ అడ్వైజర్ ఉద్యోగానికి వెళ్లారనుకోండి. ఇలాంటి ప్రశ్న ఎదురవ్వచ్చు. వెంటనే ‘రేడియేటర్ పోయింది సార్’ అనేశారో, దొరికిపోయినట్టే! అడిగేవాళ్లకు కావాల్సింది పార్టు పేరు కాదు, మీరు ఏ వరసలో ఆలోచిస్తారన్నది. ఊహించి ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతే డబ్బు కస్టమర్‌ది పోతుంది, పేరు మీది పోతుంది. అసలు లోపం అలాగే ఉండి ఇంజిన్ మళ్లీ వేడెక్కితే హెడ్ గ్యాస్కెట్ కాలిపోవచ్చు, సిలిండర్ హెడ్ వంగిపోవచ్చు. చిన్న ఫ్యూజుతో తేలిపోయే పని ఇంజిన్ విప్పేదాకా వస్తుంది.

మూడే ప్రశ్నలు

ఇంధనం మండితే పుట్టే వేడిలో దాదాపు మూడో వంతును కూలెంటే మోసుకెళ్లాలి. వాటర్ పంపు దాన్ని తిప్పుతుంది. ఇంజిన్ తగినంత వేడెక్కాక థర్మోస్టాట్ తెరుచుకుని రేడియేటర్‌కు దారి ఇస్తుంది. అక్కడ గాలి తగిలి కూలెంట్ చల్లబడుతుంది. చాలా కార్లలో ఇది 90 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి ఏ బండి వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకోండి. కూలెంట్ సరిపడా ఉందా? అది తిరుగుతోందా? దానిలోని వేడి బయటికి పోతోందా?

ముందు మీ చేతులు జాగ్రత్త

వేడి మీదున్న రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకండి. లోపల ఒత్తిడి ఉండటం వల్లే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి తగ్గి ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాల్సిందే. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ తిరగొచ్చు. అక్కడ చెయ్యి పెట్టొద్దు. ఇంటర్వ్యూలో మీ జవాబును ఈ జాగ్రత్తతోనే మొదలుపెట్టండి.

ఎప్పుడు వేడెక్కుతోంది?

కస్టమర్‌ను మొదట అడగాల్సింది ఇదే.

* ట్రాఫిక్‌లో మాత్రమే అయితే: ముందు ఫ్యాన్‌ను అనుమానించాలి. హైవే మీద ఎదురుగాలి ఆ పని చేసేస్తుంది కాబట్టి లోపం బయటపడదు.
* వేగంగా వెళ్లినప్పుడు, ఘాట్ ఎక్కేటప్పుడు అయితే: రేడియేటర్ పూడుకుపోవడం, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకపోవడం, పంపు బలహీనపడటం చూడాలి.
* కూలెంట్ తరచూ తగ్గుతుంటే: లీకు వెతకాలి. చల్లారిన ఇంజిన్‌కు ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు పంపు కొట్టండి. ముల్లు పడిపోతే ఎక్కడో కారుతున్నట్టే.
* బయట ఎక్కడా లీకు లేకున్నా తగ్గుతుంటే: సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లపొగ, పాల టీలా మారిన ఇంజిన్ ఆయిల్ కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ మీద గట్టి అనుమానమే. పరీక్షతో నిర్ధారించాకే కస్టమర్‌కు చెప్పండి.

జవాబు ఇలా చెప్పండి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ‘ఇంజిన్ చల్లారాక కూలెంట్ మట్టం చూస్తాను. తర్వాత స్టార్ట్ చేసి ఏసీ వేస్తాను. చాలా కార్లలో అప్పుడు ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారుకు కరెంటు అందుతోందా అన్నది వరసగా మల్టీమీటర్‌తో చూస్తాను. కరెంటు అందుతున్నా, ఎర్త్ బాగున్నా తిరగకపోతే మోటారు పోయినట్టు. ఫ్యాన్ బాగుంటే రేడియేటర్, కండెన్సర్ మధ్య దుమ్ము పేరుకుందేమో చూస్తాను. రిపేరు అయ్యాక అవే పరిస్థితుల్లో నడిపి చూసి, అప్పుడు బండి అప్పగిస్తాను.’ ఆ చివరి మాట మర్చిపోకండి. మంచి మెకానిక్‌కు గుర్తు అదే.

ఎక్కడ నేర్చుకోవాలి?

పదో తరగతి పూర్తయినవాళ్లకు ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది. కాలవ్యవధి 2 ఏళ్లు. పాలిసెట్ ద్వారా ఆటోమొబైల్ డిప్లొమాలో చేరొచ్చు. డిప్లొమా, బీటెక్ పూర్తిచేసినవాళ్లు నాట్స్ పోర్టల్‌లో, ఐటీఐ వాళ్లు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదు చేసుకుంటే స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు.

అంతదాకా ఆగక్కర్లేదు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కారు ఉంటే అడిగి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బోనెట్ ఎత్తండి. కూలెంట్ ట్యాంకు, రేడియేటర్, ఫ్యాన్, పై గొట్టం, కింది గొట్టం ఎక్కడున్నాయో గుర్తుపట్టండి. కళ్లతో చూసినదాన్ని ఇంటర్వ్యూలో చెప్పడానికి తడబడరు.