మూలన పడ్డ బుల్లెట్‌ను లేపాలంటే... కిక్కు కొట్టే ముందు ఇవి చూడండి

వరండా మూలలోనో, దుకాణం వెనక షెడ్డులోనో టార్పాలిన్ కింద పడి ఉన్న పాత బుల్లెట్ చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అబ్బా గల్ఫ్‌కు వెళ్తూ నిలబెట్టిన బండి కొందరిది. దాదా పోయాక ఎవరూ ముట్టని బండి ఇంకొందరిది. పండక్కి అంతా ఒకచోట చేరినప్పుడు 'ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం' అన్న మాట వస్తుంది. కొత్త బ్యాటరీ, లీటరు పెట్రోలు తెచ్చి ఒకరి తర్వాత ఒకరు కిక్కు కొడతారు.

ఏళ్ల తరబడి నిలబడినందుకు జరిగిన నష్టం కంటే ఆ మొదటి పది కిక్కుల్లో జరిగే నష్టమే ఒక్కోసారి ఎక్కువ. కొద్దిపాటి తుప్పును సిలిండర్ గోడ మీద ఈడ్చి గీతలు పెట్టేది ఆ కిక్కులే. మెల్లగా విప్పి చూస్తే రింగులతో పోయే పని, తొందరపడితే బోరు దాకా వెళ్తుంది. అందుకే ముందు చూపు, తర్వాత కొలత, ఆ తర్వాతే ఖర్చు.

ఇక్కడ చెప్పేది పాత క్యాస్ట్ ఐరన్ 350 బుల్లెట్ గురించి. మద్రాసు తిరువొత్తియూరులో 1955 నుంచి తయారైన ఈ రకం ఇంజిన్ 2010 ప్రాంతం వరకు వచ్చింది. సామర్థ్యం 346 సీసీ, బోరు 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ. వేరే బండి అయినా పద్ధతి ఇదే, కొలతలు మాత్రం మారతాయి.

ముందు కాగితాలు, వాటాలు

పానా పట్టే ముందు ఆర్‌సీ తీయాలి. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోతున్నాయో లేదో శుభ్రంగా తుడిచి చూడాలి. నంబరు కలవకపోతే ముందు ఆర్‌టీఏ ఆఫీసులో సంగతి తేల్చుకోవాలి. అది తేలకుండా ఇంజిన్ మీద పెట్టిన డబ్బు వృథా కావచ్చు.

యజమాని చనిపోయి ఉంటే ఇంకో సంగతి ఉంది. ఆ బండి తర్కాలో భాగం. అప్పులు, వసీయత్ తీరాక భార్య, కూతుళ్లతో సహా వారసులందరికీ అందులో హక్కు ఉంటుంది. పెద్ద కొడుకు తన డబ్బుతో బాగు చేయించినంత మాత్రాన బండి తనదైపోదు. అందరూ కూర్చుని ఎవరు ఉంచుకుంటారో, మిగతావారి వాటా ఎలా ఇస్తారో మాట్లాడుకుని ఆ తర్వాత ఖర్చు పెడితే ఇంట్లో మాట రాదు. వారసుల పేరు మీదికి మార్చుకోవడానికి ఆర్‌టీఏలో ఫారం 31 ఇవ్వాలి.

నిలబడ్డ ఇంజిన్‌లో ఏం జరుగుతుంది

ఇంజిన్ ఆగినప్పుడు ఏదో ఒక వాల్వు తెరుచుకుని ఉండిపోవచ్చు. అలా అయితే ఏళ్ల తరబడి వానాకాలపు తడిగాలి సైలెన్సర్ వైపు నుంచో, కార్బొరేటర్ వైపు నుంచో సిలిండర్‌లోకి వెళ్తూనే ఉంటుంది. గోడ మీది నూనె పొర ఆరిపోయి, రింగులు ఆగిన చోట తుప్పు పడుతుంది. రెండు వాల్వులూ మూసి ఉన్న స్థితిలో ఆగిన ఇంజిన్ చాలా మేలుగా ఉంటుంది. ఒకే షెడ్డులో ఒకే కాలం నిలబడ్డ రెండు బండ్లలో ఒకటి బాగుండి, ఇంకొకటి జామ్ అవడానికి ఇదో కారణం.

ఈ ఇంజిన్‌లో ఆయిల్ క్రాంక్‌కేసులోనే వేరే గదిలో ఉంటుంది. బండి చాలాకాలం కదలకపోతే ఆ ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా జారి ఫ్లైవీల్స్ ఉండే గదిలోకి చేరుతుంది. మూత తీసి చూస్తే ఆయిల్ లేనట్టు కనిపిస్తుంది. ఆయిల్ తక్కువైందనుకుని పైన ఇంకో రెండు లీటర్లు పోస్తారు. కిక్కు కొట్టగానే బ్రీదర్ పైపులోంచి ఆయిల్ చిమ్ముతుంది, సైలెన్సర్ తెల్లటి పొగ కక్కుతుంది. ఇంజిన్ పోయిందని భయపడతారు. నిజానికి పోసిన ఆయిల్ ఎక్కువైందంతే.

పెట్రోలు సంగతి సరేసరి. ట్యాంకులో మిగిలింది ఆవిరై జిగురుగా మారుతుంది. కార్బొరేటర్‌లో సన్నటి జెట్లు ముందు మూసుకుపోయేది దానివల్లే.

తిప్పకుండా చేయాల్సిన పని

అడుగున ఆయిల్ ట్యాంకుకు, ఫ్లైవీల్ గదికి వేర్వేరు డ్రెయిన్ నట్లు ఉంటాయి. రెండూ విప్పి పాత ఆయిల్‌ను తెల్లటి గిన్నెలోకి దించాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరిందని అర్థం. అడుగున మెరిసే రజను ఉంటే వేలితో రుద్ది చూడాలి. అయస్కాంతానికి అంటుకునే ఇనుప రజను కనబడితే లోపల బేరింగో, గేరు పళ్లో అరిగాయన్నమాట. అలాంటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి చూడాల్సిన అవసరమే లేదు, విప్పాల్సిందే.

తర్వాత ప్లగ్గు తీయాలి. హెడ్డు అల్యూమినియంది కాబట్టి బిగుసుకున్న ప్లగ్గును బలవంతంగా తిప్పితే మరలు పోతాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. ప్లగ్గు రంధ్రంలోంచి సన్నటి టార్చి వేసి గోడ, పిస్టన్ పైభాగం చూడాలి. అందులోనే రెండు మూడు చెంచాల పల్చటి ఆయిల్ పోసి ఒకటి రెండు రోజులు వదిలేయాలి.

ఆ తర్వాత టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడించాలి. కదిలితే సంతోషం. కదలకపోతే మళ్లీ ఆయిల్ పోసి ఇంకొన్ని రోజులు ఆగాలి. కిక్ రాడ్ మీద ఎగిరి తొక్కడం, ప్లగ్గు రంధ్రంలో చువ్వ పెట్టి కొట్టడం చేస్తే పిస్టన్ పగులుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

కంప్రెషన్ ఏం చెబుతుంది

ఇంజిన్ స్వేచ్ఛగా తిరిగాక, కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గు బిగించి, డీకంప్రెసర్ వదిలేసి కిక్ రాడ్‌ను కంప్రెషన్ దాకా తేవాలి. దాని మీద బరువు వేసి నిలబడితే మంచి ఇంజిన్ కాసేపు ఆపుతుంది, తర్వాత మెల్లగా దిగుతుంది. వెంటనే జారిపోతే గాలి ఎక్కడో పోతోంది.

ఎక్కడ పోతోందో తెలుసుకోవడం కష్టం కాదు. ప్లగ్గు రంధ్రంలో చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. కంప్రెషన్ పెరిగితే లోపం రింగుల్లో, బోరులో ఉంది. పెరగకపోతే వాల్వుల మీద అనుమానం. కంప్రెసర్ గాలి పట్టించి చెవి పెట్టినా తెలుస్తుంది. కార్బొరేటర్‌లో బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, బ్రీదర్‌లో వస్తే రింగులు. ఈ పరీక్షకు పిస్టన్ కంప్రెషన్ చివర, పైన ఉండాలి.

విప్పాక కొలతలు

బ్యారెల్ తీశాక కంటిచూపును నమ్మకూడదు. బోరు గేజితో పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ప్రతిచోటా నిలువుగా, అడ్డంగా కొలవాలి. అరుగుదల ఎక్కువగా పై రింగు ఆగి వెనక్కి తిరిగే చోట ఉంటుంది. తేడా మి.మీ.లో పదో వంతుకు చేరితే, గోరు తగిలేంత గీత ఉంటే, తుప్పు గుంటలు పడి ఉంటే కొత్త రింగులు వేసి లాభం లేదు. బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి. పిస్టన్ ముందు కొని, దాని కొలతకు తగ్గట్టు బోరు కొట్టాలి కానీ బోరు కొట్టాక పిస్టన్ వెతకకూడదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లేత్ షాపులు ఇలాగే పిస్టన్ తెమ్మంటాయి.

కొత్త రింగును ఒంటరిగా బోరులోకి దించి చివరల మధ్య సందు ఫీలర్ గేజితో చూడాలి. 70 మి.మీ. బోరుకు సుమారు 0.30 మి.మీ. ఉండాలి. మరీ తక్కువైతే వేడికి చివరలు ఢీకొని ఇంజిన్ జామ్ అవుతుంది.

కనెక్టింగ్ రాడ్‌ను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ లాగాలి. ఆ దిశలో టకటకమని ఆడితే బిగ్ ఎండ్ పోయింది. పక్కలకు కొద్దిగా ఆడటం మామూలే. ఈ రెండింటి తేడా తెలియక మంచి క్రాంకును కూడా విప్పించుకునేవాళ్లున్నారు.

హెడ్డును తలకిందులుగా పెట్టి, ప్లగ్గు బిగించి, వాల్వుల మీద కిరోసిన్ పోయాలి. పోర్టులోకి చెమ్మ దిగితే వాల్వు సీటు సరిగా కూర్చోలేదు. గైడులో వాల్వు కాడ ఊగితే గైడు కూడా మార్చాలి.

ఎంతవరకు చేయించాలి

కొలతలు తేలాక పని మూడు స్థాయిల్లో ఒకటవుతుంది. బోరు బాగుంటే రింగులు, వాల్వ్ గ్రైండింగ్, గ్యాస్కెట్లు, ఆయిల్ సీళ్లు సరిపోతాయి. బోరు పోతే పిస్టన్, బోరింగ్ కలుస్తాయి. బిగ్ ఎండ్ కూడా పోతే క్రాంకును ప్రెస్సు మీద విడదీసి, కొత్త పిన్ను, రాడ్ వేసి మళ్లీ సెంటర్ చేయాలి. ఖర్చు ఎక్కువయ్యేది ఈ మూడోదానిలోనే. మొదటి స్థాయి పనికి మూడో స్థాయి బిల్లు కట్టకుండా కాపాడేవి ఆ కొలతలే. అందుకే వాటిని కాగితం మీద రాయించుకుని, మార్చిన పాత భాగాలు వెనక్కి అడగాలి. నిజాయితీ గల మిస్త్రీ దానికి నొచ్చుకోడు.

బిగించేటప్పుడు

మూడు రింగుల సందులు ఒకే వరుసలో రాకూడదు. పిస్టన్ పిన్ను లాకులు కొత్తవే వేయాలి. టైమింగ్ గేర్ల మీది గుర్తులు కలవాలి. గ్యాస్కెట్ దగ్గర సిలికాన్ పేస్టు అతిగా పూస్తే ముక్కలు విరిగి ఆయిల్ దారులు మూసేస్తాయి. టైమింగ్ కవర్ లోపల క్రాంకుకు ఆయిల్ పంపే చిన్న సీలు ఉంటుంది. అది చెడితే బిగ్ ఎండ్‌కు ఆయిల్ అందదు. చవకైన ఆ సీలును మార్చకుండా పాతదే వేస్తే కొత్త క్రాంకు కూడా పోతుంది.

టాపెట్లు చల్లటి ఇంజిన్‌లోనే సెట్ చేయాలి. పుష్‌రాడ్ వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ. పెట్రోలు పైపు కొత్తది వేయడం మంచిది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరుకు అది పడదు.

మొదటి స్టార్ట్, మొదటి 500 కి.మీ.

ప్లగ్గు తీసేసి, చాలాసార్లు కిక్కు కొట్టి ఆయిల్‌ను పైకి రప్పించాలి. స్టార్ట్ అయ్యాక హెడ్డు దగ్గర రాకర్లకు వెళ్లే ఆయిల్ పైపు బోల్టును కొద్దిగా వదులు చేసి చూడాలి. ఆయిల్ కారితే పంపు పని చేస్తోంది. రాకపోతే వెంటనే ఆపేయాలి.

మొదటి వేడి చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ బిగించాలి. కొత్త బోరు అయితే 500 కి.మీ. వరకు 40, 50 వేగం దాటకుండా, వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా నడపాలి. ఆ 500 కాగానే ఆయిల్ మార్చాలి.

ఇంత చేశాక కొందరు బండి అమ్మేస్తారు. అమ్మేటప్పుడు ఏం మార్చారో, ఏం మార్చలేదో కొనేవాడికి చెప్పి తీరాలి. లోపం దాచి అమ్మిన సొమ్ము హలాల్ కాదు. మిస్త్రీ రాసిచ్చిన ఆ కొలతల కాగితం కొనేవాడి చేతిలో పెడితే బేరం శుభ్రంగా తేలుతుంది.