ఎదుటివాడికి ఇన్సూరెన్స్ లేకపోతే

2018 నవంబరులో ఒక శనివారం పొద్దున్నే అమ్మని గుడికి తీసుకెళ్తున్నాను. ఆవిడ తెనాలి నుంచి వచ్చి అప్పటికి మూడు వారాలు. ముందు సీట్లో అమ్మ, వెనకాల మా ఎనిమిదేళ్ళ అమ్మాయి. ఇర్వింగ్‌లో మా ఇంటికి రెండు మైళ్ళలోపే ఉన్న ఒక సిగ్నల్ దగ్గర ఆగాం. గ్రీన్ పడింది, కదిలాం. కుడివైపు నుంచి రెడ్ లైట్‌ని లెక్క చెయ్యకుండా వచ్చిన పాత పికప్ ట్రక్కు మా కారు ముందు చక్రం దగ్గర గుద్దింది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకుని కారంతా తెల్లటి పొడి, కాలిన వాసన. అమ్మ ముందు వెనక్కి తిరిగి "పాపకేమైందిరా?" అని అడిగింది. తన మణికట్టు వాచిపోతోందని ఆ తర్వాతే చూసుకుంది.

ట్రక్కు నడిపిన కుర్రాడికి పాతికేళ్ళు ఉంటాయేమో. ఇళ్ళ కప్పులు వేసే పనిలో ఉన్నాడట. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు, అమ్మకి రెండుసార్లు సారీ చెప్పాడు. పోలీసుల్ని పిలవొద్దనీ, ఖర్చు ఎంతైనా వారం వారం చేతికిచ్చేస్తాననీ బతిమాలాడు. అమ్మ చెయ్యి చూశాక నేను 911కి ఫోన్ చెయ్యకుండా ఉండలేకపోయాను. ఈలోగా అతను ఇన్సూరెన్స్ కార్డు చూపించాడు. గడువు ఇంకా రెండు నెలలు ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

ఆఫీసరు వచ్చి, తన కారులోని కంప్యూటర్లో చూసి, తల అడ్డంగా ఊపాడు. ప్రీమియం కట్టకపోవడంతో ఆ పాలసీ ఎప్పుడో రద్దయిపోయింది. టెక్సాస్‌లో 2008 నుంచి టెక్సాస్‌ష్యూర్ అనే డేటాబేస్ ఉంది. ఏ బండికి ఇన్సూరెన్స్ ఉందో, దేనికి పోయిందో అందులో తెలుస్తుంది. చేతిలో ఉన్న కార్డు, అది అచ్చయిన రోజు పరిస్థితి చెబుతుంది, అంతే. పదిహేనేళ్ళుగా డేటాబేసులతో బతికే నాకు అసలు రికార్డుకీ పాత కాపీకీ తేడా ఒకరు చెప్పాల్సి వచ్చింది!

అసలు దెబ్బ ఆ సాయంత్రం తగిలింది. ఎమర్జెన్సీ రూమ్ నుంచే మా ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేశాను. కారు రిపేరు కొలిజన్ కింద వస్తుంది, మొదటి వెయ్యి డాలర్లు మీవే అన్నారు. సరే, మరి మా అమ్మ చెయ్యి? అవతలి అమ్మాయి కాస్త ఆగి, "సర్, మీరు అన్‌ఇన్స్యూర్డ్ మోటరిస్ట్ కవరేజీ వద్దన్నారు. పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్ కూడా వద్దన్నారు. మీ సంతకం ఉంది" అంది.

నిజమే, ఉంది. 2016లో ఒక రాత్రి పదకొండింటికి ఆన్‌లైన్‌లో పాలసీ మార్చాను. ఒక్కొక్క గడీ తీసేస్తుంటే పక్కన ప్రీమియం తగ్గుతూ కనిపిస్తుంది. ఆ ఆట మీరూ ఆడే ఉంటారు. రెండు గడీలు తీసేస్తే ఆరు నెలలకి 58 డాలర్లు తగ్గాయి. టెక్సాస్ చట్టం ప్రకారం కంపెనీ ఈ రెండూ ఇస్తానని మనకి చెప్పి తీరాలి. వద్దంటే మనం రాతపూర్వకంగా వద్దనాలి. నేను అలాగే, చక్కగా, ఎలక్ట్రానిక్ సంతకంతో వద్దన్నాను. కంపెనీని తిట్టడానికి కూడా లేకుండా పోయింది.

మనవాళ్ళు ఇక్కడే ఎందుకు దెబ్బ తింటారో తర్వాత ఆలోచించాను. ఇండియాలో మనకి 'థర్డ్ పార్టీ ఉంటే చాలు' అని అలవాటు. అక్కడ మనుషులకి దెబ్బ తగిలితే ట్రిబ్యునల్ ఎంత ఇమ్మంటే గుద్దిన బండి ఇన్సూరెన్స్ అంత ఇవ్వాలి, దానికి పరిమితి లేదు. అదే ధోరణిలో ఇక్కడికొచ్చి, గుద్దినవాడి ఇన్సూరెన్స్ మన సంగతి చూసుకుంటుంది అనుకుంటాం. టెక్సాస్‌లో 2011 నుంచి కనీస పాలసీ 30/60/25. అంటే ఒక మనిషి గాయాలకి 30 వేలు, ఒక ప్రమాదం మొత్తానికి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు. కాలిఫోర్నియాలో అయితే 1967 నాటి 15/30/5 లెక్క 2024 చివరిదాకా నడిచింది. 2025 జనవరి నుంచే 30/60/15 అయింది. అయిదు వేలకి ఈ రోజుల్లో బంపరూ, దానిలో దాగిన కెమెరాలూ వస్తాయో లేదో! కాబట్టి అవతలివాడికి ఇన్సూరెన్స్ ఉన్నా మన ఆస్పత్రి బిల్లులకి సరిపోకపోవచ్చు. ఆ మిగిలిన లోటు కోసమే అండర్‌ఇన్స్యూర్డ్ కవరేజీ. టెక్సాస్‌లో రెండూ కలిపే ఇస్తారు.

అసలు ఇన్సూరెన్సే లేనివాళ్ళు ఎందరు? ఇన్సూరెన్స్ రీసెర్చ్ కౌన్సిల్ అంచనా ప్రకారం 2022లో దేశం మొత్తం మీద దాదాపు ఏడుగురు డ్రైవర్లలో ఒకరు. ఈసారి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చుట్టూ ఉన్న కార్లు లెక్కపెట్టండి. ఇల్లినాయ్, మేరీలాండ్, నార్త్ కరోలినా లాంటి చోట్ల అన్‌ఇన్స్యూర్డ్ కవరేజీ తీసుకోక తప్పదు. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో మాత్రం వద్దనుకునే స్వేచ్ఛ ఉంది. నేను దాన్ని పూర్తిగా వాడుకున్నాను.

"దావా వెయ్యండి సార్" అని అందరూ సలహా ఇచ్చారు. ఒక లాయరుని కలిశాను. ఆయన నా ఫైలు చూసి నిజాయితీగా చెప్పాడు. కేసు గెలుస్తారు, కానీ టెక్సాస్‌లో ఇలాంటి అప్పుకి అతని జీతంలోంచి కోత వెయ్యడం కుదరదు, సొంత ఇల్లు ఉన్నా దాన్ని ముట్టుకోలేరు. జడ్జిమెంటు కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకోవచ్చన్నాడు. గాయాల కేసు వెయ్యడానికి ఇక్కడ రెండేళ్ళ గడువు ఉంటుంది. నేను వెయ్యలేదు. మా శ్రీమతి ఇప్పటికీ వెయ్యాల్సిందంటుంది.

అమ్మ మణికట్టుకి ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. బిల్లులన్నీ కలిపి 31 వేలు దాటాయి. విజిటర్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నాం. అందులోనూ చవకది చూసి కొన్నాను. ఆ రకం ప్లాన్లు ఒక్కొక్క ఖర్చుకి ఇంతని ముందే రాసిపెట్టిన మొత్తం ఇస్తాయి. బిల్లు ఎంతైనా వాటికి అనవసరం. ఆస్పత్రి బిల్లింగ్ విభాగంతో నాలుగు నెలలు మాట్లాడి, ఆర్థిక సహాయం ఫారాలు నింపి, చివరికి మా జేబులోంచి 11 వేలు కట్టాం. పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్ కనీసం 2,500 ఉన్నా తప్పెవరిదన్న ప్రశ్న లేకుండా, కారులో ఉన్నవాళ్ళందరికీ వర్తించేది. అన్‌ఇన్స్యూర్డ్ కవరేజీ ఉంటే అమ్మకీ వచ్చేది, కారులో ఉన్న అతిథులకి కూడా అది పనిచేస్తుంది. అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళు టికెట్లు కొనే ముందు తమ కారు పాలసీ ఒకసారి తీసి చూసుకోవాలి.

ఇంకో మాట, పాత కారుతో తిరిగే విద్యార్థులకి. కారు విలువ తక్కువని కొలిజన్ తీసుకోరు, సబబే. కానీ అన్‌ఇన్స్యూర్డ్ కవరేజీలో ఆస్తి నష్టం భాగం కూడా ఉంటుంది. టెక్సాస్‌లో దాని డిడక్టిబుల్ 250 డాలర్లు మాత్రమే. గుద్ది పారిపోయినవాడి విషయంలోనూ ఇదే ఆదుకుంటుంది, అయితే మన రాష్ట్రంలో అవతలి బండి మనకి నిజంగా తగిలి ఉండాలి. ఎవడో అడ్డం వస్తే తప్పించబోయి గోడకి గుద్దుకుంటే ఇందులోకి రాదు.

ఆ రోజు రోడ్డు మీద నేను సరిగ్గా చేసిన పనులూ కొన్ని ఉన్నాయి. బండ్లని కదపకముందే ఫోటోలు తీశాను: నంబరు ప్లేటు, అతని లైసెన్సు, కార్డు, అద్దంలోంచి కనిపించే విన్ నంబరు. పక్క లేన్‌లో ఆగిన ఒక పెద్దావిడ అంతా చూశానంటే ఆవిడ ఫోన్ నంబరు తీసుకున్నాను. ఆఫీసరు దగ్గర రిపోర్టు నంబరు అడిగి రాసుకున్నాను. ఆ కాపీ తర్వాత టెక్సాస్ రవాణా శాఖ నుంచి ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. ఎవరికీ దెబ్బలు తగలక, బండి నడిచే స్థితిలో ఉంటే మాత్రం దాన్ని హైవే మధ్య వదలకూడదు, పక్కకి తియ్యాలి. ఇక 'సారీ'. మనకి ఎవరైనా మన కాలు తొక్కినా మనమే సారీ అనే అలవాటు. ప్రమాదం జరిగిన చోట "దెబ్బలేమైనా తగిలాయా?" అని అడగండి, చాలు.

వీసా మీద ఉన్నవాళ్ళు పోలీసు రిపోర్టు అంటే బెదిరిపోయి, చేతికిచ్చిన 300 డాలర్లు తీసుకుని వచ్చేస్తుంటారు. కొత్తలో నాకూ ఆ భయం ఉండేది. వేరేవాళ్ళు మనని గుద్దడం మన నేరం కాదు. మర్నాడు మెడ పట్టేస్తే ఆ 300తో ఏం చేస్తాం?

ఇది చదివే పిల్లలకి ఒక పని. ఈ ఆదివారం మీ కారు గ్లోవ్ బాక్స్ తెరిచి ఇన్సూరెన్స్ కార్డు ఎక్కడుందో, దాని మీద తేదీ దాటిందో లేదో చూసి మీ నాన్నకి చెప్పండి. ఆ రోజు మా అమ్మాయికి ఇంటి అడ్రసు, వాళ్ళమ్మ ఫోన్ నంబరు నోటికి వచ్చు కాబట్టి, నేను అంబులెన్సు దగ్గర ఉండగా ఆఫీసరుకి గడగడా చెప్పేసింది.

అదే అమ్మాయికి ఈమధ్యే పదిహేనేళ్ళు నిండి లెర్నర్ లైసెన్సు వచ్చింది. మొన్న తన పేరు పాలసీలో చేర్చడానికి ఇద్దరం కంప్యూటరు ముందు కూర్చున్నాం. అన్‌ఇన్స్యూర్డ్ గడీ దగ్గర ఆగి, "నాన్నా, ఇది తీసేస్తే 70 డాలర్లు తగ్గుతుందంట" అంది. తెనాలికి వీడియో కాల్ కలిపి, "మీ నానమ్మని అడుగు" అన్నాను. అమ్మకి ఇన్సూరెన్సు గొడవలు తెలియవు. అట్లకాడ తిప్పుతున్న ఎడమ చెయ్యి ఆపి, "ఆ ట్రక్కు అబ్బాయి ఎలా ఉన్నాడో ఏమోనే పాపం. చలికాలం వస్తే నాకీ కుడి చెయ్యి మాత్రం లాగేస్తుందమ్మా" అంది. మా అమ్మాయి గడీ అలాగే ఉంచి తర్వాతి పేజీకి వెళ్ళింది.