కాక్‌పిట్‌లో నేర్పే మాట

విమాన సిబ్బందికి ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలో, తొందరలో కలిసి నిర్ణయం ఎలా తీసుకోవాలో నేర్పే శిక్షణను క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటారు. పైలట్ల వాడుకలో అది సీఆర్ఎం. నాయకత్వం పుట్టుకతో రావాలే తప్ప నేర్పితే వచ్చేది కాదన్న నమ్మకానికి ఇంతకంటే గట్టి సమాధానం దొరకదు.

ఈ శిక్షణ ప్రమాదాల్లోంచి పుట్టింది. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫేలో, పొగమంచులో, రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. కేఎల్ఎం విమానం పరుగు అందుకున్నాక, ఎదుట ఉన్న పాన్ ఆమ్ విమానం రన్‌వే ఖాళీ చేయలేదేమోనని ఫ్లైట్ ఇంజనీర్ అనుమానపడి అడిగాడు. చేసిందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఆయన ఆ సంస్థలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. పరుగు ఆగలేదు.

మరుసటి ఏడాది డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర జరిగింది ఇంకా బాధాకరం. యునైటెడ్ విమానం చక్రాలు సరిగ్గా దిగాయో లేదో తేలక, కెప్టెన్ దాదాపు గంటసేపు గాల్లోనే చక్కర్లు కొట్టించాడు. ఇంధనం తగ్గిపోతోందని పక్కనున్నవాళ్లకు తెలుసు. అన్నారు కూడా, కానీ ఆయన ధ్యాస మళ్లేంత గట్టిగా అనలేదు. ఇంజిన్లు ఆగిపోయి విమానం కూలింది, 10 మంది పోయారు. ప్రాణాలు కాపాడగల సమాచారం ఆ చిన్న గదిలోనే ఉంది. అందరి మాటా వినడం కెప్టెన్లకూ, నొక్కి చెప్పడం మిగతావాళ్లకూ నేర్పాలని దర్యాప్తు సంస్థ సిఫారసు చేసింది. 1979లో నాసా దీనిపై సదస్సు పెట్టింది. 1981లో యునైటెడ్ శిక్షణ మొదలుపెట్టింది.

ఇందులో నేర్పేది చాలా నిర్దిష్టంగా ఉంటుంది. “ఇంధనం ఒకసారి చూస్తారా సార్” అన్న మాటలో మర్యాద ఉంది, ప్రమాదం వినిపించదు. అందుకే కెప్టెన్‌ను పేరుపెట్టి పిలవాలి, ఆందోళన చెప్పాలి, కారణం చెప్పాలి, ఏం చేయాలో చెప్పాలి, చివరికి ఒప్పుకుంటున్నారా అని అడగాలి. కెప్టెన్ వంతు ఇంకా కష్టం. తాను తప్పు చేస్తే వెంటనే చెప్పమని బయలుదేరకముందే అనాలి. వీలున్నప్పుడు జూనియర్ అభిప్రాయం ముందు అడగాలి, ఎందుకంటే పెద్దాయన నోరు విప్పాక వేరే మాట అనడం ఎవరికైనా కష్టమే. తుది నిర్ణయం మాత్రం ఎప్పుడూ కెప్టెన్‌దే. మొదట్లో కొందరు పైలట్లు దీన్ని మర్యాదలు నేర్పే బడి అని తీసిపారేశారు.

1989 జులై 19న వాళ్లకు జవాబు దొరికింది. యునైటెడ్ డీసీ-10 తోక ఇంజిన్ పేలి, విమానాన్ని తిప్పే హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయాయి. ప్రయాణికుల్లో ఉన్న ఒక శిక్షక పైలట్‌ను కెప్టెన్ ఆల్ హేన్స్ లోపలికి రానిచ్చి, ఇంజిన్ల వేగం అదుపు చేసే పని అప్పగించాడు. విమానం సూ సిటీ రన్‌వే మీద కూలినా, 296 మందిలో 184 మంది బతికారు. అది సీఆర్ఎం చలవేనని హేన్స్ తర్వాత చెప్పాడు.

ఇదే ఆలోచన ఆపరేషన్ థియేటర్లకూ వచ్చింది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన తనిఖీ జాబితాలో, కోత పెట్టేముందు గదిలోని అందరూ పేరు, పని చెప్పుకోవడం ఒక అంశం. న్యూఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కెనడాలోని ఒంటారియోలో మాత్రం, జాబితా అమలు చేసిన 101 ఆసుపత్రులను పరిశీలించిన 2014 నాటి అధ్యయనానికి చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. కాగితం ఇచ్చి, దాన్ని వాడే మనుషులకు తగిన తర్ఫీదు ఇవ్వకపోవడం ఒక కారణమని చాలామంది నిపుణులు భావించారు. విమానయానంలో ఈ పాఠం ఒక్కసారితో అయిపోదు. పైలట్లు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దాన్ని మళ్లీ మళ్లీ సాధన చేయాల్సిందే.